మస్తిష్క తరంగ ద్రష్ట – హాన్స్ బెర్గర్

మానవుడు గ్రహాల గమనాన్ని లెక్కకట్టాడు. సముద్రాల లోతులను కొలిచాడు. కొండల కడుపులోని ఖనిజాలను వెలికితీశాడు. కాని తన తలలోనే ఉండి, తనచేత ఈ పనులన్నీ చేయించిన మెదడును గురించి తెలుసుకోవడానికి మాత్రం ఆయనకు ఎన్నో శతాబ్దాలు పట్టింది. మనస్సు చంచలమైనదని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. క్షణం క్షణం మారే ఆ మనస్సుకు ఆధారమైన మెదడు కూడ క్షణం క్షణం మారుతూనే ఉంటుందని, ఆ మార్పును కాగితం మీద గీతగా చూడవచ్చునని నిరూపించిన శాస్త్రజ్ఞుడు హాన్స్ బెర్గర్. ఆయన జర్మనీ దేశపు మనోవైద్యుడు. నేడు ఆసుపత్రులలో ఈ.ఈ.జి. అని వ్యవహరించే పరీక్షకు ఆద్యుడు.

బెర్గర్ 1873 మే 21వ తేదీన జర్మనీలోని కోబర్గ్ పట్టణానికి సమీపాన ఉన్న నాయ్‌సెస్ గ్రామంలో జన్మించాడు. తండ్రి పాల్ ఫ్రీడ్రిక్ బెర్గర్ వైద్యుడు. తల్లి ఆనా సుప్రసిద్ధ కవి ఫ్రీడ్రిక్ ర్యూకర్ట్ కుమార్తె. ర్యూకర్ట్ అనేక ప్రాచ్యభాషలు నేర్చిన పండితుడు. సంస్కృతం చదివి, మహాభారతంలోని నలదమయంతుల కథను 1828లోనే జర్మన్ భాషలో కావ్యంగా వెలయించాడు. నన్నయ భారతంలోను, శ్రీనాథుని శృంగార నైషధంలోను తెలుగువారు చదువుకొన్న నలుని కథ ఆ విధంగా జర్మన్ పాఠకులకు కూడ చేరింది. మనుమడు పుట్టేనాటికి ర్యూకర్ట్ జీవించి లేడు. అయినా ఆ ఇంటిలో ఒకవైపు వైద్యం, మరొకవైపు కవిత్వం కలిసి ఉండేవి. బాలుడైన హాన్స్‌కు ఆ రెండింటి నీడ సోకింది. మనిషి దేహం మీద ఎంత ఆసక్తి ఉండేదో, మనిషి మనస్సు మీద కూడ అంత ఆసక్తి ఆయనకు కలిగింది.

అయితే మొదట ఆయన చూపు ఆకాశం మీద నిలిచింది. ఖగోళ శాస్త్రజ్ఞుడు కావాలనే కోరికతో 1892లో యేనా విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర విద్యార్థిగా చేరాడు. ఒక అర్ధసంవత్సరం గడవగానే చదువు ఆపి, ఏడాది కాలం సైన్యంలో పనిచేయడానికి వెళ్లాడు. అక్కడ జరిగిన ఒక సంఘటన ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఒకనాడు శిక్షణ జరుగుతుండగా ఆయన ఎక్కిన గుర్రం హఠాత్తుగా ముందు కాళ్లు పైకెత్తింది. బెర్గర్ కిందపడ్డాడు. ఎదురుగా గుర్రాలు లాగుతున్న ఫిరంగి బండి వస్తున్నది. బండి తోలేవాడు సకాలంలో గుర్రాలను నిలువరించడం వల్ల ఆ యువకుడు మృత్యుముఖం నుండి బయటపడ్డాడు. అదే రోజు ఎంతో దూరాన, ఇంటివద్ద ఉన్న ఆయన సోదరికి అకారణంగా గుండె దడదడలాడింది. తమ్మునికో అన్నకో అన్న తేడా ఎరుగని రక్తసంబంధపు ఆందోళన అది. సోదరునికి ఏదో ఆపద కలిగిందని ఆమె పట్టుబట్టగా తండ్రి ఆయన క్షేమం అడుగుతూ తంతి పంపాడు.

ఆ తంతి బెర్గర్‌ను ఆలోచనలో పడవేసింది. ప్రాణభయం కలిగిన క్షణాన తన మనస్సు నుండి ఏదో శక్తి వెలువడి సోదరిని చేరి ఉంటుందని ఆయన నమ్మాడు. ఇటువంటి సంఘటనలు యాదృచ్ఛికంగా కూడ జరుగవచ్చు. కాని ఆ యువకునికి అది యాదృచ్ఛికమని తోచలేదు. మానసిక శక్తి అనేది ఉన్నట్లయితే దానిని కొలవవచ్చునా, మెదడులో దాని జాడ ఏ రూపంలో కనబడుతుంది అనే ప్రశ్నలు ఆయనను వెంటాడాయి. ఖగోళ శాస్త్రాన్ని విడిచి వైద్యశాస్త్రాన్ని చేపట్టాడు. 1897లో వైద్యపట్టం పొంది, యేనాలో ఓటో బిన్స్‌వాంగర్ నడుపుతున్న మనోవైద్యశాలలో సహాయకునిగా చేరాడు. ఉద్యోగ జీవితమంతా ఆ ఊరిలోనే, ఆ వైద్యశాలలోనే గడిచింది. ఆయనకు సహాయకురాలిగా పనిచేసిన ఉర్సులా ఫాన్ బ్యూలోను 1911లో వివాహం చేసుకొన్నాడు.

బెర్గర్ మితభాషి. క్రమశిక్షణకు మారుపేరు. ఆయన దినచర్య గడియారపు ముల్లులాగ సాగేది. పగలంతా రోగులను చూసేవాడు. సాయంకాలం వైద్యశాల పనులు ముగిసిన తరువాత ఒంటరిగా తన ప్రయోగశాలకు చేరేవాడు. అక్కడ ఏమి చేస్తున్నాడో తోటి వైద్యులలో చాలామందికి తెలియదు. ఆయన కూడ చెప్పేవాడు కాదు.

మానసిక శక్తి జాడను ఆయన మూడు మార్గాల్లో అన్వేషించాడు. మనిషి ఆలోచించినప్పుడు మెదడుకు రక్తప్రసారం మారుతుందేమో అని మొదట పరిశీలించాడు. గాయం వల్లనో, శస్త్రచికిత్స వల్లనో పుర్రెలో కొంత ఎముక లోపించిన రోగులలో మెదడు ఉబ్బి తగ్గే తీరును నమోదు చేశాడు. తరువాత మెదడు ఉష్ణోగ్రతను కొలిచి 1910లో ఆ ఫలితాలను ప్రకటించాడు. ఈ రెండు మార్గాలూ ఆయనకు తృప్తినివ్వలేదు. మిగిలినది విద్యుత్తు. జంతువుల మెదడులో విద్యుత్ ప్రవాహాలు ఉన్నాయని ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరంలో రిచర్డ్ కేటన్ అనే వైద్యుడు 1875లోనే కుందేళ్ల మీద, కోతుల మీద పరీక్షించి తెలిపాడు. 1902లో బెర్గర్ కూడ జంతువుల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. నాటి పరికరాల సున్నితత్వం చాలక అవి విఫలమయ్యాయి. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆయన సైనిక మనోవైద్యునిగా పశ్చిమ రణరంగానికి వెళ్లాడు. యుద్ధానంతరం 1919లో బిన్స్‌వాంగర్ స్థానంలో వైద్యశాలకు అధిపతి అయ్యాడు. పదవి పెరిగింది, పని పెరిగింది, వయస్సు యాభైకి చేరువైంది. అయినా పాత ప్రశ్న మాత్రం ఆయనను విడువలేదు.

1924 జూలై 6వ తేదీ వైద్యశాస్త్ర చరిత్రలో గుర్తుంచుకోదగిన రోజు. నికోలాయ్ గులేకె అనే శస్త్రవైద్యుడు 17 సంవత్సరాల యువకునికి తలపై శస్త్రచికిత్స చేశాడు. పుర్రెలో ఎముక తీసిన చోట బెర్గర్ తన ఎలక్ట్రోడులను అమర్చి, వాటి తీగలను గాల్వనోమీటరుకు కలిపాడు. పరికరంలోని సన్నని తంతువు స్వల్పంగా కదలాడింది. మానవ మస్తిష్కం నుండి వెలువడిన విద్యుత్తును ఒక మనిషి కన్నులారా చూడడం అదే మొదటిసారి.

వేరొకరైతే మరునాడే లోకానికి చాటి ఉండేవారు. బెర్గర్ అయిదు సంవత్సరాలు నోరు విప్పలేదు. ఈ మౌనానికి కారణం తెలుసుకోవాలంటే ఆయన చేతికి చిక్కిన గీత స్వభావాన్ని అర్థం చేసుకోవాలి.

తలపై చర్మం మీద లభించే మస్తిష్క విద్యుత్తు అత్యల్పం. ఒక వోల్టును పది లక్షల భాగాలు చేస్తే, వాటిలో కొన్ని పదుల భాగాలు మాత్రమే. టార్చిలైటులో వేసే చిన్న బ్యాటరీ ఒకటిన్నర వోల్టులు ఇస్తుందని గుర్తు చేసుకొంటే ఈ అల్పత్వం తెలుస్తుంది. పైగా ఆ ఇంటిలో అది ఒంటరిగా ఉండదు. గుండె కొట్టుకొన్నప్పుడు పుట్టే విద్యుత్తు దానికంటె ఎన్నో రెట్లు అధికం. కనురెప్ప వాలినా, దవడ బిగిసినా, నుదురు ముడిపడినా కండరాల నుండి విద్యుత్తు పుడుతుంది. రక్తనాళాల స్పందన వల్ల ఎలక్ట్రోడు కదులుతుంది. చెమట పట్టినా గీత పక్కకు జరుగుతుంది. తిరునాళ్లలో డోళ్లు, బాకాలు, కేకల నడుమ ఎక్కడో ఒక మూల మోగుతున్న వీణానాదాన్ని పట్టుకోవడం వంటి పని అది. అన్నిటికంటె చిక్కు మరొకటి ఉన్నది. నేడు కనబడిన గీత రేపు అదే మనిషిలో అదే విధంగా కనబడదు. ఒకరిలో స్పష్టంగా కనబడినది మరొకరిలో మసకగా ఉంటుంది. మారుతూ పోయే ఈ గీతలో మెదడు మాట ఎంత, ఇతర అవయవాల సందడి ఎంత?

బెర్గర్‌కు యంత్రవిద్యలో ప్రావీణ్యం తక్కువ. ఓర్పు మాత్రం అపారం. రైతు ధాన్యాన్ని తూర్పారపట్టినట్లు ఆయన తన గీతలను తూర్పారపట్టాడు. గాలికి పోయే పొట్టు ఏది, నిలిచే గింజ ఏది అని ఒక్కొక్క అనుమానాన్ని వేరువేరుగా పరీక్షించాడు. మెదడు గీతతోపాటు గుండె గీతను కూడ అదే కాగితం మీద నమోదు చేసి రెండింటినీ పోల్చాడు. కింద సెకనులో పదోవంతు కాలాన్ని తెలిపే మరొక గీతను ఉంచాడు. రక్తనాళాల స్పందనను, కండరాల కదలికను, చర్మం నుండి వచ్చే విద్యుత్తును లెక్కలోకి తీసుకొన్నాడు. ఎలక్ట్రోడుల లోహాలను, వాటిని అమర్చే స్థానాలను మార్చి మార్చి చూశాడు. పుర్రెలో లోపం ఉన్న రోగులతో ఆగక, ఆరోగ్యవంతుల మీద కూడ పరిశీలనలు సాగించాడు. తన తలమీద ప్రయోగం చేసుకొన్నాడు. కుమారుడు క్లాస్‌ను ఎన్నోసార్లు ప్రయోగశాలలో కూర్చోబెట్టి గీతలు తీశాడు. ఒకరోజు ఉత్సాహం, మరొకరోజు నిరాశ. తాను చూస్తున్నది భ్రమ కాదు కదా అనే శంక ఆయనను పదే పదే పీడించింది.

ఎట్టకేలకు 1929లో ఆయన మనోవైద్య పత్రికలో తొలి వ్యాసం ప్రకటించాడు. మానవుని మస్తిష్క విద్యుత్ లేఖనానికి ఎలక్ట్రో ఎన్‌సెఫలోగ్రాం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. నేటి ఈ.ఈ.జి. అనే పొడి అక్షరాలు ఆ పేరు నుండి వచ్చినవే. 1938 వరకు ఇదే విషయం మీద వరుసగా 14 వ్యాసాలు ప్రచురించాడు.

ఆ వ్యాసాలలో బెర్గర్ సాధించిన గొప్ప విజయం ఒకటి ఉన్నది. మొదట తనను భయపెట్టిన ఆ మార్పులలోనే ఆయన అర్థాన్ని కనుగొన్నాడు. మనిషి కళ్లు మూసుకొని ప్రశాంతంగా కూర్చున్నప్పుడు సెకనుకు సుమారు పదిసార్లు లేచి పడే పెద్ద తరంగాలు కనబడ్డాయి. వాటికి ఆల్ఫా తరంగాలని పేరు పెట్టాడు. అంతకంటె వేగంగా సాగే చిన్న తరంగాలను బీటా తరంగాలన్నాడు. మనిషి కళ్లు తెరవగానే ఆల్ఫా తరంగాలు అణగిపోయాయి. కళ్లు మూసి ఉన్నప్పటికీ లెక్క చేయమంటే తగ్గాయి. చేతిని తాకినా, అకస్మాత్తుగా శబ్దం వినబడినా మారాయి. నిద్రలో ఒక తీరు, మత్తుమందు ప్రభావంలో మరొక తీరు, మూర్ఛ వచ్చినప్పుడు ఇంకొక తీరు. గీతలోని చాంచల్యం పరికరపు దోషమే అయితే, మనిషి స్థితిని అనుసరించి అది ఇంత నియమంగా మారదు. మారడమే మెదడు భాష అని బెర్గర్ గ్రహించాడు. మరొక సత్యం కూడ దీనివల్ల తేలింది. మనిషి ఏ పనీ చేయక ఊరకున్నప్పుడు కూడ, నిద్రించినప్పుడు కూడ మెదడు విశ్రమించదు. పొయ్యి మీద నివురుగప్పిన నిప్పులాగ లోలోపల పని సాగుతూనే ఉంటుంది.

లోకం ఈ మాట వెంటనే నమ్మలేదు. ఒక మనోవైద్యుడు ఒంటరిగా, పాత పరికరాలతో ఇంత గొప్ప విషయం కనుగొన్నాడంటే చాలామంది శరీరశాస్త్రజ్ఞులు పెదవి విరిచారు. నరాలలో ప్రవహించే విద్యుత్తు సెకనులో వెయ్యోవంతు కాలంలో ముగిసిపోతుందని వారు ఎరుగుదురు. సెకనుకు పదిసార్లు నింపాదిగా ఊగే తరంగం వారికి వింతగా తోచింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్గార్ ఏడ్రియన్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. నరకణాల మీద చేసిన కృషికి 1932లో నోబెల్ బహుమతి అందుకొన్నవాడు. ఆయన కూడ సందేహంతోనే సహచరుడు మాథ్యూస్‌తో కలిసి బెర్గర్ ప్రయోగాన్ని తిరిగి చేశాడు. ఏడ్రియన్ కళ్లు మూసుకోగానే ఆయన తలనుండి ఆల్ఫా తరంగాలు చక్కగా వెలువడ్డాయి. మాథ్యూస్ తలనుండి అంత స్పష్టంగా రాలేదు. మనిషికీ మనిషికీ గల ఈ తేడా నిజమేనని వారు కళ్లారా చూశారు. 1934లో బెర్గర్ చెప్పినది సత్యమని ప్రకటించి, ఆ తరంగాలను ఆయన పేరుతోనే పిలిచారు. మెదడు అంతటా ఆల్ఫా తరంగాలు పుడతాయని బెర్గర్ భావించగా, తల వెనుక భాగంలో, చూపుకు సంబంధించిన ప్రాంతంలో అవి ప్రధానంగా పుడతాయని కూడ వారు సవరించారు. గురువును మించిన శిష్యులవలె శాస్త్రం తనను తాను దిద్దుకొంటూ సాగడానికి ఇది మంచి ఉదాహరణ. 1937లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ మనోవిజ్ఞాన మహాసభలో బెర్గర్‌కు ఘనమైన గౌరవం లభించింది.

ఇక్కడితో కథ ముగిస్తే అది సుందరమైన కథ అవుతుంది. సంపూర్ణమైన కథ కాదు. 1933లో జర్మనీలో హిట్లర్ నాయకత్వాన నాజీలు అధికారానికి వచ్చారు. అదే సంవత్సరం వారు ఒక క్రూరమైన చట్టం చేశారు. వంశపారంపర్యంగా రోగాలు సంక్రమిస్తాయని ముద్రపడినవారికి, వారి ఇష్టంతో నిమిత్తం లేకుండ, సంతానం కలుగకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని ఆ చట్టం శాసించింది. సుమారు నాలుగు లక్షల మంది దానికి బలి అయ్యారు. ఎవరికి ఆ శస్త్రచికిత్స చేయాలో తీర్పు చెప్పడానికి ప్రత్యేక న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. యేనాలోని అటువంటి న్యాయస్థానంలో బెర్గర్ సభ్యుడై కూర్చున్నాడు. ఆ చట్టం పేర్కొన్న వ్యాధులలో మూర్ఛరోగం కూడ ఒకటి. ఏ రోగుల మెదడు గీతలను ఓపికతో చదివాడో, ఆ రోగుల వంటివారి భవిష్యత్తుపై వేటు వేసే వ్యవస్థలోనే ఆయన భాగస్వామి అయ్యాడు.

బెర్గర్ నాజీలను ఎదిరించినందువల్ల పదవి కోల్పోయాడని ఎన్నో పుస్తకాలు చాలాకాలం రాస్తూ వచ్చాయి. తరువాతి చరిత్రకారులు నాటి పత్రాలను పరిశీలించి ఆ మాటను తోసిపుచ్చారు. 1938లో 65 ఏళ్లు నిండిన పిమ్మట ఆయన మామూలుగానే పదవీ విరమణ చేశాడు. గీతల నడుమ ఒక తరంగాన్ని వెదకడానికి అయిదేళ్లు తనను తాను ప్రశ్నించుకొన్న మనిషి, తన చేతి సంతకం ఒక నిస్సహాయుని బ్రతుకును ఏమి చేస్తున్నదో ప్రశ్నించుకోలేకపోయాడు. విజ్ఞానం ఎంత పెరిగినా, దానికి తోడుగా వివేకం, దయ పెరగకపోతే మనిషి ఎంత దిగజారగలడో ఈ ఘట్టం చెప్పకనే చెబుతున్నది.

చివరి సంవత్సరాలలో బెర్గర్‌ను అనారోగ్యం, తీవ్రమైన మానసిక కుంగుబాటు ఆవరించాయి. 1940లో ప్రకటించిన ఒక చిన్న గ్రంథంలో యౌవనంలో జరిగిన గుర్రపు ప్రమాదాన్ని, తండ్రి పంపించిన తంతి కథను తిరిగి తలచుకొన్నాడు. ఆ రహస్యం మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. తలపై చర్మం దగ్గరే అంత బలహీనంగా ఉండే విద్యుత్తు ఊళ్లు దాటి ప్రయాణించజాలదు. ఆయన వెదకినది ఒకటి, దొరికినది మరొకటి. 1941 జూన్ 1వ తేదీన, కుంగుబాటు ముదిరిన స్థితిలో ఆయన తన ప్రాణాన్ని తానే తీసుకొన్నాడు. ఎందరో మనోరోగులకు చికిత్స చేసిన వైద్యుడు తన వ్యాధికి విరుగుడు పొందలేకపోవడం విషాదం. కుంగుబాటు కూడ ఇతర వ్యాధులవలె చికిత్స అవసరమైన వ్యాధి అని, దానిని లోలోపల దాచుకోక ఆత్మీయులతో, వైద్యులతో చెప్పుకోవాలని ఆయన జీవితాంతం మనకు గుర్తుచేస్తుంది.

బెర్గర్ మరణించినా ఆయన చూపిన గీత ఆగలేదు. 1935లోనే అమెరికాలోని బోస్టన్ నగర శాస్త్రజ్ఞులు, కొద్ది క్షణాలపాటు స్పృహ తప్పే ఒక రకం మూర్ఛలో సెకనుకు మూడుసార్లు వచ్చే ప్రత్యేక తరంగాలను కనుగొన్నారు. మూర్ఛ దెయ్యమూ భూతమూ కాదని, మెదడులోని విద్యుత్తు గతి తప్పడం వల్ల కలిగే వ్యాధి అని కంటికి కనబడే సాక్ష్యం లభించింది. 1937లో నిద్రకు గల వివిధ దశలు ఈ గీతల ద్వారానే తెలిశాయి.

ఆ తరువాత శాస్త్రజ్ఞులు మరొక ప్రశ్న వేసుకొన్నారు. మణికట్టు నరాన్ని చిన్నగా ప్రేరేపించినప్పుడు మెదడు ఇచ్చే ప్రతిస్పందన ఏది? అది నిత్యం ఊగే తరంగాల మధ్య మునిగిపోతుంది. 1947లో లండన్ నగరంలో జార్జ్ డాసన్ ఒకే ప్రేరణను పదే పదే ఇచ్చి, వచ్చిన గీతలనన్నింటినీ ఒకదానిపై ఒకటి పేర్చాడు. పిమ్మట వాటి సగటును కట్టే యంత్రాన్ని నిర్మించాడు. ప్రతిసారీ ఒకే విధంగా వచ్చే స్పందన నిలిచింది. ఇష్టం వచ్చినట్లు ఊగే సందడి పరస్పరం కొట్టివేసుకొని తగ్గింది. నూరు గీతల సగటు తీస్తే ఆ సందడి సుమారు పదోవంతుకు దిగుతుంది. ఈ పద్ధతి ఎంతో ఉపయోగపడింది. అయితే సగటులో ఒక లోపం కూడ ఉన్నది. తరగతిలోని విద్యార్థుల సగటు ఎత్తు తెలిసినంత మాత్రాన ఏ ఒక్క విద్యార్థి ఎత్తూ తెలియదు కదా! ఒకే ప్రేరణకు మెదడు ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా ఎందుకు స్పందిస్తుంది? 1996లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన ఆమోస్ ఆరియేలి బృందం పిల్లి మెదడును పరిశీలించి దీనికి ఒక సమాధానం చెప్పింది. ప్రేరణ అందే క్షణానికి మెదడు ఏ స్థితిలో ఉన్నదో తెలిస్తే, స్పందనలోని మార్పును చాలావరకు ముందుగానే ఊహించవచ్చునని తేల్చింది. ఒకే రాయి నిశ్చలమైన చెరువులో ఒక విధంగా, అలలు లేచిన చెరువులో మరొక విధంగా నీటిని కదిలించినట్లే ఇది. మెదడు ఎన్నడూ ఊరకుండదని బెర్గర్ చెప్పిన మాటకు ఇది విస్తృతమైన వ్యాఖ్యానం.

హాన్స్ బెర్గర్ జీవితం విద్యార్థులకు రెండు పాఠాలు నేర్పుతుంది. కంటికి కనబడిన దానిని వెంటనే నమ్మక, నచ్చనిదని వెంటనే తోసివేయక, ఓర్పుతో పరీక్షించడం మొదటి పాఠం. పనికిరాని సందడి అని ఇతరులు పారవేసే దానిలో కూడ సత్యం దాగి ఉండవచ్చు. ప్రయోగశాలలో చూపిన ఆ పరీక్షాదృష్టిని ప్రయోగశాల బయట కూడ నిలుపుకోవడం రెండవ పాఠం. మొదటి దానిని ఆయన ఆచరించి చూపాడు. రెండవ దానిని ఆచరించలేకపోయి చూపాడు. ఆయన సాధించిన వెలుగును స్వీకరిస్తూ, ఆయన తొట్రుపడిన చోటును గుర్తుంచుకోవడమే ఆ మహాశాస్త్రజ్ఞుని జీవితాన్ని చదివినందుకు ఫలం.